జచ్చాకి నీళ్లివ్వండి

పోయిన నెల చిలకలూరిపేటలో మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. దాని కూతురికి తొలి కాన్పు, మైకాకి వచ్చింది. ఆ రోజు ఛఠీ. పెరట్లో బిర్యానీ దమ్ మీద ఉంది, వరండాలో చుట్టాలు, గదిలో సాంబ్రాణి పొగ. బచ్చాని ఎత్తుకుని మాషా అల్లాహ్ అనుకుంటూ అమ్మాయి వైపు చూశాను. మంచం అంచున ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. కుడిచేత్తో పరుపుని నొక్కిపెట్టి ఒంటి బరువంతా ఆ చేతి మీద వేసింది. వచ్చినవాళ్లందరికీ సలాం చెబుతూ నవ్వుతోంది, నుదురు మాత్రం చెమటతో తడిసి ఉంది. నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. పదకొండేళ్ల కింద నేనూ అలాగే కూర్చున్నాను.

చుట్టాలు దస్తర్‌ఖాన్ దగ్గరికి వెళ్లాక తలుపు దగ్గరికి వేసి అడిగాను. "బేటీ, కాన్పయ్యాక పాయఖానాకి వెళ్లావా?"

కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. "లేదు ఖాలా. ఐదు రోజులైంది. కుట్లు తెగిపోతాయేమోనని భయంగా ఉంది. అమ్మీకి చెప్పొద్దు."

అమ్మీకి చెప్పొద్దు. కన్నతల్లి పక్క గదిలో ఉంది. రోజుకి ఆరుసార్లు బచ్చా లంగోటీలు మారుస్తోంది, ఆకుపచ్చగా వెళ్లాడా పసుపుగా వెళ్లాడా అని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. కూతురు ఐదు రోజులుగా వెళ్లలేదన్న సంగతి మాత్రం ఆమెకి తెలియదు. ఇవాళ నేను రాస్తున్నది దీని గురించే. మగవాళ్లు ఇది ఆడవాళ్ల విషయమని వదిలెయ్యకండి. మందులషాపుకి వెళ్లేది మీరే కదా.

ముందు నా సంగతి చెబుతాను. మా పెద్దవాడు గుంటూరులో ఒక ప్రైవేట్ దవాఖానాలో పుట్టాడు. రాత్రంతా నొప్పులు పడ్డాక, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని ఫోర్‌సెప్స్ వేసి తీశారు. బిడ్డ ఏడ్చాడు, అల్‌హమ్దులిల్లాహ్. నన్ను మాత్రం మళ్లీ థియేటర్‌లోకి తీసుకెళ్లి, వెన్నులో మత్తిచ్చి గంటకి పైగా కుట్టారు. బయటికొచ్చాక "కొంచెం ఎక్కువ కుట్లు పడ్డాయమ్మా" అన్నారు, అంతే. డిశ్చార్జి కాగితం మీద 3బి అని రాసి ఉంటే అది వార్డు నంబరేమో అనుకున్నాను.

అది వార్డు నంబరు కాదని తెలియడానికి నాకు ఐదు నెలలు పట్టింది. మామూలు కాన్పులో కింద కొంత చిరగడం చాలామందికి జరిగేదే. డాక్టర్లు దాన్ని నాలుగు మెట్లుగా చూస్తారు. మొదటి దాంట్లో చర్మం వరకే చిరుగుతుంది, రెండో దాంట్లో దాని కింద ఉన్న కండ కూడా. మూడో మెట్టు దగ్గర మలద్వారం చుట్టూ ఉంగరంలా ఉండి, దాన్ని బిగించి ఉంచే కండరం తెగుతుంది. నాలుగో మెట్టులో ఆ ఉంగరం కూడా దాటి లోపలి పేగు పొర చిరుగుతుంది. 3బి అంటే ఆ ఉంగరంలో బయటి కండరం సగానికి పైగా తెగిందని అర్థం. ఈ మూడు, నాలుగు మెట్లు అందరికీ రావు, కొద్దిమందికే వస్తాయి. తొలి కాన్పు, బరువైన బిడ్డ, ఫోర్‌సెప్స్ ఉన్నచోట ముప్పు ఎక్కువ. నాకు ఆ మూడూ ఉన్నాయి.

ఇలా కుట్టిన జిస్మ్‌కి ఆ మొదటి రెండు వారాల్లో అన్నిటికంటే ముఖ్యం, మలం మెత్తగా రావడం. గట్టిపడితే ముక్కాలి, ముక్కితే కొత్త కుట్ల మీద బరువు పడుతుంది. అందుకే ఈ రకం కుట్లు పడినవాళ్లకి యాంటీబయాటిక్‌తో పాటు మలం మెత్తబడే దవా కూడా రాస్తారు. ఒకప్పుడు డాక్టర్లే దీనికి ఉల్టాగా ఆలోచించేవాళ్లట. కొన్నాళ్లు అసలు వెళ్లకుండా ఉంటే కుట్లు మానతాయని పేగుల్ని బిగబట్టే మందులిచ్చేవాళ్లు. తర్వాత రెండు పద్ధతుల్నీ పోల్చి చూస్తే, మెత్తబడే దవా వాడినవాళ్లే తొందరగా, తక్కువ నొప్పితో వెళ్లారని తేలింది. డాక్టర్లు మారారు. మన ఇళ్లలో ఆ పాత ఆలోచన ఇంకా అలాగే ఉంది.

నా కాగితంలోనూ ఆ దవా ఉంది. లాక్టులోజ్ అని, తియ్యటి సిరప్. అది ఎందుకో దవాఖానాలో ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఇంటికి రాగానే మా ఫుప్పూ చీటీలో మందులన్నీ మా తమ్ముడితో చదివించింది. మా ఖాన్‌దాన్‌లో చిల్లా చేయించాలంటే ఆమే. "మోషన్ ఫ్రీ అవడానికి" అని వాడు చదివీ చదవకముందే సీసా లాక్కుని అల్మారా మీద పెట్టేసింది. "జచ్చాకి జులాబ్ దవానా? పాలు తాగే బచ్చాకి విరేచనాలు పట్టుకోవూ!" అంది. ఆమె మాటలో ప్రేమే ఉంది, శత్రుత్వం లేదు. కానీ ఆ సిరప్ పేగు దాటి రక్తంలోకి దాదాపుగా చేరదు, పాలలోకి వెళ్లే ప్రశ్నే ఉండదు. పేగులోనే ఉండి నీటిని పట్టి ఉంచుతుంది, అదే దాని పని. ఈ ఒక్క ముక్క ఎవరైనా మా ఫుప్పూకి చెప్పి ఉంటే ఆ సీసా నా తల దగ్గరే ఉండేది.

ఇక పర్‌హేజ్. జచ్చా నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది, ఒళ్లు నీరు పడుతుంది. ఆకుకూర తింటే బచ్చాకి కడుపునొప్పి. పండు తింటే సర్దీ. కాబట్టి మధ్యాహ్నం తెల్లన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి. పొద్దున హరీరా, సాయంత్రం సోంఠ్ లడ్డూ. గొంతు తడుపుకోవడానికి రోజుకి రెండు గ్లాసులు మరిగించి చల్లార్చిన నీళ్లు. హరీరాకి, లడ్డూకి నేను వ్యతిరేకం కాదు, ఇప్పటికీ చేసుకుని తింటాను. కానీ పాలిచ్చే తల్లికి మామూలుకంటే ఎక్కువ నీళ్లు కావాలి. తాగిన రెండు గ్లాసులూ పాలకే పోతే, జిస్మ్ మిగతా నీటిని పెద్దపేగులోంచి లాక్కుంటుంది. అక్కడ మిగిలేది రాయి.

దీనికి తోడు నొప్పి బిళ్లలు. వాటిలో కొన్ని రకాలు పేగుల్ని మందగింపజేస్తాయి. ఐరన్ బిళ్లలు కూడా చాలామందికి కబ్జ్ చేస్తాయి. కాన్పయ్యాక 180 రోజులు వేసుకోమని సర్కారు ఆస్పత్రిలో ఇచ్చేవి అవే. మానెయ్యమని నేను చెప్పడం లేదు, రక్తం తక్కువగా ఉన్న జచ్చాకి అవి తప్పనిసరి. కబ్జ్ చేస్తోందని డాక్టరుకి చెబితే రకమో, వేళో మారుస్తారు. కానీ చెప్పాలి కదా. ఎలా చెబుతాం? చీటీ తీసుకుని షాపుకి వెళ్లేది ఇరవయ్యేళ్ల తమ్ముడు. వాడితో "నాకు పాయఖానా రావట్లేదు, దవా తీసుకురా" అని నా నోటితో అనగలనా? జ్వరమైతే అంటాను, తలనొప్పైతే అంటాను.

నాలుగో రోజు కడుపులో కదలిక వచ్చింది. మా మైకాలో అప్పుడు ఇండియన్ లెట్రిన్ ఒక్కటే ఉంది. కుట్లతో మోకాళ్ల మీద కూర్చోబోతే కింద కత్తి పెట్టినట్టయింది. గోడ పట్టుకుని లేచి వచ్చేశాను. ఆ కదలిక వెళ్లిపోయింది, హమ్మయ్య అనుకున్నాను. అదే నేను చేసిన పెద్ద పొరపాటు. ఆపుకున్న ప్రతి గంటా లోపలున్నది ఇంకాస్త ఎండుతుంది. ఎండినకొద్దీ భయం, భయం వేసినకొద్దీ ఆపుకోవడం. తింటే వెళ్లాల్సి వస్తుందని తిండి తగ్గించాను. తగ్గిస్తే పాలు సరిగ్గా రావట్లేదని ఇంట్లో గోల, ఇంకో లడ్డూ.

ఛఠీ రోజు రెండున్నర గంటలు కూర్చోబెట్టారు. ఒకావిడ "పిల్ల మొహంలో నూర్ వచ్చింది" అంది. అది నూర్ కాదు, నొప్పికి మొహం ఎర్రబడింది.

ఎనిమిదో రోజు తెల్లవారుజామున ఆపుకోవడం ఇక నా చేతిలో లేకపోయింది. ఆ ఇరవై నిమిషాలని వర్ణించను. నోట్లో దుపట్టా కుక్కుకున్నాను, అబ్బాకి వినపడకూడదని. ఇప్పుడు తల్చుకుంటే అదే ఎక్కువ బాధ. నేను అరవగూడదనుకున్నది నొప్పికి కాదు, పరువుకి. రక్తం చూసి అమ్మీ దవాఖానాకి తీసుకెళ్లింది. కొన్ని కుట్లు విడిపోయాయి, అక్కడ చీము కూడా మొదలైంది. మళ్లీ కుట్టడం కుదరదు, లోపలినుంచి అదే మానాలన్నారు. మానడానికి రెండు నెలలు పట్టింది.

మానాక కూడా ఒక తక్లీఫ్ మిగిలింది. గ్యాస్ ఆగేది కాదు. దగ్గితే, బిడ్డని ఎత్తుకుంటే, రుకూలోకి వంగితే వెళ్లిపోయేది. నలభై రోజులు నిండి గుస్ల్ చేసి ముసల్లా పరిచిన మొదటి రోజే మగ్రిబ్‌కి మూడుసార్లు వుజూ చేశాను. వారానికల్లా ముసల్లా మడిచి పెట్టేశాను. ఎవరైనా అడిగితే "బిడ్డ వదలడం లేదు" అనేదాన్ని. నికాహ్‌లకి వెళ్లడం మానేశాను. మా ఆయన దగ్గరికి వస్తే పక్కకి జరిగేదాన్ని, ఆయన దాన్ని వేరేగా అర్థం చేసుకున్నారు. ఐదో నెలలో ఒక రాత్రి మాటా మాటా పెరిగి, ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి ఫైల్లోంచి డిశ్చార్జి కాగితం తీసి "ఈ 3బి అంటే ఏమిటి?" అన్నారు. మర్నాడు ఇద్దరం కలిసి వేరే ఆస్పత్రిలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాం.

అక్కడ ఒక పెద్ద వయసు నర్సు ఉండేది. నా పదకొండేళ్ల అనుభవంలో మలవిసర్జన గురించి మొహం చిట్లించకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆమె. ఆమె నేర్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. ఇది ఇంట్లో ఆడపిల్ల ఉన్న ప్రతివాళ్లకీ తెలియాలి.

వేళ ముఖ్యం. పొద్దున ఏదన్నా తిని వేడిగా పాలో చాయో తాగిన పావుగంట, అరగంటలో పేగులు వాటంతటవే కదులుతాయి. ఆ కదలిక వస్తే బచ్చాని ఎవరి చేతికైనా ఇచ్చి అప్పుడే వెళ్లాలి, తర్వాత చూద్దాం అనకూడదు. కమోడ్ ఉంటే దాని మీద కూర్చుని పాదాల కింద పీట పెట్టుకోవాలి, మోకాళ్లు తుంటికంటే ఎత్తులో ఉండాలి. ముందుకి వంగి మోచేతులు తొడల మీద ఆనించాలి. అంటే కింద కూర్చున్నట్టే ఉంటుంది గానీ కుట్లు అంత సాగవు. ఇంట్లో కమోడ్ లేకపోతే మెడికల్ షాపుల్లో దొరికే కమోడ్ కుర్చీ నెలరోజులకి తెచ్చుకోవచ్చు. అకీఖాకి పెట్టే ఖర్చులో అది ఒక మూలకి కూడా రాదు. శుభ్రమైన ప్యాడ్ మడిచి చేత్తో కుట్లకి ఆనించి, ముందువైపునించి మెల్లగా పైకి నొక్కిపట్టాలి. ఇలా పట్టుకుంటే తెగిపోతుందనే భయం సగం పోతుంది. ఊపిరి బిగబట్టి ముక్కకూడదు. వేడి చాయ్‌ని ఊదినట్టు నోటితో మెల్లగా గాలి వదులుతూ ఉండాలి. పది నిమిషాల్లో కాకపోతే లేచి వచ్చెయ్యాలి, మళ్లీ కదలిక వచ్చినప్పుడు వెళ్లాలి. కడుక్కునేటప్పుడు బధ్నాలో గోరువెచ్చటి నీళ్లు తీసుకుని ముందునించి వెనక్కి పొయ్యాలి, రుద్దకూడదు, మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. తర్వాత శుభ్రమైన టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసుకుని పది నిమిషాలు కూర్చుంటే పట్టేసిన కండరం వదులవుతుంది.

చెయ్యకూడనివి కూడా ఆమే చెప్పింది. కబ్జ్ అనగానే సబ్బుముక్క పెట్టడం మనవైపు పాత ఇలాజ్. ఎనిమా కూడా అంతే. ఇలాంటి కుట్లున్నచోట డాక్టరు చెప్పకుండా వేలుగానీ, సబ్బుగానీ, ఎనిమా గొట్టంగానీ దగ్గరికి రానివ్వకూడదు. ఆముదం తాగించి ఒకేసారి కడుపు కడిగించడం కూడా వద్దు, కావల్సింది విరేచనాలు కాదు, మెత్తదనం. ఇసబ్‌గోల్ అయితే ప్రతి ఇంట్లో ఉంటుంది, మంచిదే కదా అని సిరప్‌తో పాటు అదీ కలిపి ఇస్తారు. అది మలాన్ని లావు చేసే వస్తువు. ఈ రకం కుట్లు పడ్డవాళ్లకి మెత్తబడే దవాతో కలిపి మామూలుగా ఇవ్వరు. ఇవ్వాలనుకుంటే ముందు డాక్టర్ని అడగండి.

జ్వరం, దుర్వాసనతో స్రావం, కుట్ల దగ్గర నొప్పి తగ్గకుండా పెరగడం, మలం ఆపుకోలేకపోవడం, మలంగానీ గాలిగానీ ముందు దారినుంచి రావడం. వీటిలో ఏది కనపడినా చిల్లా, నలభై రోజులు, గడప దాటకూడదు అని ఆగకండి. ఆ రోజే దవాఖానాకి తీసుకెళ్లండి. నాకు తర్వాత ఫిజియోథెరపీ నేర్పారు. ఆ ఉంగరం కండరాన్ని బిగించి, పట్టి ఉంచి, వదిలే కసరత్. రోజూ చేశాను. ఏడాది తిరిగేసరికి దాదాపు మామూలయ్యాను. సరైన ఇలాజ్ అందితే ఇలా చిరిగినవాళ్లలో ఎక్కువమంది ఏడాదిలో బాగుపడతారు. నేను ఆ ఏడాదిని ముందే మొదలుపెట్టి ఉండాల్సింది.

"ఆపరేషన్ చేయించుకుంటే ఈ గోలే ఉండదు కదా" అని నాతో అన్నవాళ్లున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ఆపరేషన్లే. ఇంకా ఎంత పెంచుదాం? కడుపు కోసినా ఆ నొప్పి బిళ్లలే, ఆ ఐరనే, ఆ కబ్జే. నా రెండో కాన్పు ఎలా కావాలో మాత్రం డాక్టరుతో కూర్చుని మాట్లాడి నేనే నిర్ణయించుకున్నాను. మూడో మెట్టు చిరుగు పడినవాళ్లు తర్వాతి గర్భంలో ఆ పాత కాగితం మొదటి చెకప్‌లోనే చూపించాలి.

ఇక షర్మ్ సంగతి. "ఇవి బయటికి చెప్పుకునే మాటలా" అన్నవాళ్లకి నాదొక ప్రశ్న. మన ఫిఖ్ కితాబులు ఏ బాబ్‌తో మొదలవుతాయి? తహారత్‌తో. ఇస్తింజా ఎలా చెయ్యాలి, ఏది వస్తే వుజూ పోతుంది, నిఫాస్ ఎన్నాళ్లు, అన్నీ పేరు పెట్టి రాసి ఉన్నాయి. మదరసాలో పదేళ్ల పిల్లాడు గట్టిగా చదివి అప్పజెబుతాడు. దీన్ తెలుసుకునే విషయంలో హయా తమకి అడ్డు రానివ్వలేదని అన్సారీ స్త్రీలని హజ్రత్ ఆయిషా మెచ్చుకున్న సంగతి బయాన్లలో మనమే వింటాం. హయా అంటే ఒంటిని కప్పుకోవడం. నొప్పిని తల్లికి కూడా చెప్పకుండా కప్పుకోవడం హయా ఎలా అవుతుంది?

గ్యాస్ ఆగక నమాజ్ మానేసిన నాలాంటివాళ్లకి ఇంకో మాట. హనఫీ ఫిఖ్‌లో మాజూర్ అనే మస్‌అలా ఉంది. ఒక నమాజ్ వక్త్ మొత్తంలో వుజూ నిలుపుకుని ఆ ఫర్జ్ చదువుకునేంత వ్యవధి కూడా దొరకని మనిషికి ఇచ్చిన సులువు అది. వక్త్‌కి ఒకసారి వుజూ చేసుకుంటే చాలు, ఆ వక్త్‌లో ఆ ఉజ్ర్ వల్ల వుజూ పోయినట్టు కాదు. మీ హాల్ దానికిందికి వస్తుందో లేదో ఆలిమ్‌నిగానీ, దగ్గర్లో ఆలిమా ఉంటే ఆమెనిగానీ అడగండి. నేను ఐదు నెలల నమాజ్ పోగొట్టుకున్నాను, అడగడానికి సిగ్గుపడి. తర్వాత ఖజా చేసుకున్నాను, అది వేరే సంగతి.

మళ్లీ ఛఠీ రోజుకి వస్తాను. అమ్మాయి వద్దన్నా సరే, రాత్రి చుట్టాలు వెళ్లాక చెల్లెల్ని, ఫుప్పూని గదిలోకి పిలిచి చెప్పేశాను. చెల్లెలు తల కొట్టుకుంది. నేను కాగితం తీసి చదివాను. మూడో మెట్టే. సిరప్ ఉంది. "సీసా ఏది?" అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. నేనే కుర్చీ ఎక్కి అల్మారా మీద వెతికాను. మూత సీలు కూడా తియ్యలేదు.

ఫుప్పూకి ఇప్పుడు డెబ్బై నాలుగు. ఆమె కొట్లాడుతుందనుకున్నాను. "మేమందరం ఇలాగే కన్నాం, ఇలాగే తిన్నాం, మాకేం కాలేదు" అనే మాట ఎన్నిసార్లు విన్నానో. ఆ రాత్రి కూడా అదే మొదలుపెట్టి, సగంలో ఆగిపోయింది. మెల్లగా అంది, "అమ్మాకి ఉండేది."

అమ్మా అంటే మా దాదీ. తొమ్మిది కాన్పులు, అన్నీ ఇంట్లోనే, దాయీ చేతి మీద. మా చిన్నప్పుడు దాదీ ఒక్క నమాజ్‌కి నాలుగుసార్లు లేచి వెళ్లి వుజూ చేసుకొచ్చేది. మేం పిల్లలం దాదీకి వహ్మ్ అని నవ్వుకునేవాళ్లం. ఎవరి పెళ్లికీ వెళ్లేది కాదు, వెళ్లినా తలుపు దగ్గర చివర్న కూర్చునేది. ఆమె కూర్చున్నచోట ఎప్పుడూ అగర్‌బత్తీ వెలుగుతూ ఉండేది. ఎంత భక్తి అనేవాళ్లు చుట్టాలు. "నాలుగో కాన్పులో చిరిగింది. ఎవరు కుడతారు అప్పట్లో? అబ్బాకి కూడా చెప్పలేదు. నాకు చెప్పింది, చివర్లో, నేను కడుగుతుంటే," అంది ఫుప్పూ. యాభై ఏళ్లు. నా ఐదు నెలలకే నాకు బతుకు మీద విరక్తి పుట్టింది.

తర్వాత ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. దవాఖానాకి ఫోన్ చేస్తే డాక్టరు పొద్దున్నే తీసుకురమ్మంది. కుట్లు చూసి బాగున్నాయంది, సిరప్ మోతాదు రాసిచ్చింది, నొప్పి బిళ్ల మార్చింది. చెల్లెలి మొగుడు గుంటూరు నుంచి కమోడ్ కుర్చీ తెచ్చి, ఎందుకని ఎవర్నీ అడగకుండా గదిలో పెట్టి వెళ్లాడు. అతని మీద నాకు గౌరవం పెరిగింది. మంచం పక్కన రెండు పెద్ద సీసాల నీళ్లు. బచ్చా పాలు తాగిన ప్రతిసారీ తల్లి ఒక గ్లాసు తాగాలని రూల్ పెట్టాం. పాలకూర పప్పు, బీరకాయ, నానబెట్టిన అంజీర్, మునక్కా. ఫుప్పూ అరటిపండుకి మాత్రం ఒప్పుకోలేదు, బచ్చాకి సర్దీ చేస్తుందట. సరే, అంజీర్ ఒప్పుకుంది కదా అని ఊరుకున్నాను.

నేను గుంటూరు వచ్చేసిన రెండో రోజు పొద్దున తొమ్మిదింటికి ఫోన్ మోగింది. అమ్మాయి అనుకుని ఎత్తితే ఫుప్పూ. ఆమెకి వినపడదు కాబట్టి ఎప్పుడూ అరిచే మాట్లాడుతుంది. వరండాలోంచి చేసినట్టుంది, వెనక అల్లుడి గొంతు, పాలవాడి గొంతు వినపడుతున్నాయి.

"అయిందే! మెత్తగా అయింది! ఏడవలేదు కూడా. నీళ్ల సీసా మళ్లీ నింపమంటోంది, నింపుతున్నా."